కృష్ణమ్మ కొసన ఒక అడవి ఉంది

గుడివాడ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం శీర్షికకి కారణం. వాళ్ళ చెల్లెలి కుటుంబం ఉగాండా రాజధాని కంపాలాలో ఉంటోందట. పోయిన సెలవుల్లో వాళ్ళంతా మర్చిసన్ జలపాతం చూడ్డానికి వెళ్ళి, అక్కడ ఏనుగుల్నీ, జిరాఫీల్నీ తీసిన ఫొటోలు పంపారట. "అవి చూసిన దగ్గర్నుంచి పిల్లలు నా ప్రాణం తోడేస్తున్నారు. అంత దూరం మావల్ల అవుతుందా? కాకపోతే అలాంటిది మనవైపు ఏదైనా ఉందా? ఉంటే ఆడవాళ్ళం పిల్లల్ని వెంటేసుకుని ఒక్క రోజులో వెళ్ళి రాగలమా?" అని అడిగారు. మూడూ అడగవలసిన ప్రశ్నలే. వరసగా చెప్పుకుందాం.

నైలు నది ఇరుకు దారి

విక్టోరియా సరస్సులోంచి బయల్దేరిన నైలు నది, ఆల్బర్ట్ సరస్సు చేరబోయే ముందు ఒక రాతి సందులో చిక్కుకుంటుంది. ఆ సందు వెడల్పు 7 మీటర్లు. అంటే మన పాతకాలపు ఇంట్లో వీధి గుమ్మం నుంచి వంటింటి దాకా ఉండేంత. అంత నదీ ఆ సందులోంచే దూరి 40 మీటర్ల పైచిలుకు లోతుకి దూకుతుంది. ఆ హోరుకి పక్కవాళ్ళ మాట కూడా వినపడదంటారు. చుట్టూ ఉన్న అడవిని 1952లో జాతీయ పార్కు చేశారు. ఉగాండాలో ఉన్న పార్కులన్నిటిలోకీ అదే పెద్దది. పారా అనే రేవులో పడవ ఎక్కితే ఏటికి ఎదురు వెళ్ళి జలపాతం కింద దాకా తీసుకెళ్తారు. దారి పొడుగునా గట్టుమీద నోళ్ళు తెరుచుకు పడుకున్న మొసళ్ళు, నీళ్ళలో మునిగి చెవులాడించే నీటిగుర్రాలు, నీళ్ళు తాగడానికొచ్చిన ఏనుగులు కనపడతాయి.

ఆ పేరు పెట్టింది శామ్యూల్ బేకర్ అనే ఇంగ్లీషు యాత్రికుడు. 1864లో అక్కడికి చేరి, లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అధ్యక్షుడి పేరు దానికి తగిలించాడు. పుస్తకాల్లో బేకర్ పేరే ముందుంటుంది గానీ, ఆ దారంతా ఆయన పక్కన నడిచినావిడ ఒకరున్నారు. ఆమె పేరు ఫ్లోరెన్స్. బానిసల సంతలోంచి ఆయన విడిపించి తెచ్చుకున్న అమ్మాయి. ఎండదెబ్బ తగిలి చావు దాకా వెళ్ళి బతికింది. అయినా వెనక్కి తిరగలేదు. జలపాతానికి పెద్దమనిషి పేరు పెట్టారు. ఆమె పేరు మాత్రం మనం వెతుక్కోవలసి వచ్చింది!

ఇక వెళ్ళడం సంగతి. హైదరాబాదు నుంచి మధ్యలో ఎక్కడో విమానం మారి ఎంటెబీలో దిగాలి. అక్కణ్ణించి కంపాలా, కంపాలా నుంచి మళ్ళీ సుమారు 300 కిలోమీటర్ల రోడ్డు. వీసా ఒక ఎత్తయితే, ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ మరో ఎత్తు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకుని, ఆ పసుపు పచ్చ కార్డు జాగ్రత్తగా దాచుకోవాలి. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపేసి, కొన్నాళ్ళు విడిగా ఉంచుతారు. చెల్లెలింట్లో మకాం గనక హోటలు ఖర్చు తగ్గుతుందేమో గానీ, నలుగురికి విమానం టిక్కెట్లంటే మధ్యతరగతి ఇంట్లో అమ్మాయి పెళ్ళికి దాచుకున్నది తియ్యవలసిందే. తియ్యగలిగితే తప్పకుండా వెళ్ళండి. లేకపోతే నొచ్చుకోనక్కర్లేదు.

జలపాతమే చూడాలంటే మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే దారిలో ఎత్తిపోతల ఉంది. చంద్రవంక అనే వాగు అక్కడ 70 అడుగుల ఎత్తునుంచి దూకుతుంది. కింద మొసళ్ళ పెంపక కేంద్రం కూడా ఉంది. పిల్లలకి అదే బుల్లి మర్చిసన్. కానీ నేను చెప్పదలచుకున్నది దాని గురించి కాదు. గుడివాడకీ బందరుకీ ఇంకా దగ్గర్లో, మీ జిల్లాలోనే, నది ఒడ్డునే, ప్రభుత్వం వన్యప్రాణుల కోసం కేటాయించిన అడవి ఉంది. దాని సంగతి మనలో చాలామందికి తెలియదు.

దివిసీమ అంచున

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుందని అందరికీ తెలుసు. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్నదే దివిసీమ. అవనిగడ్డ, మోపిదేవి, కోడూరు, నాగాయలంక అన్నీ అందులోవే. ఇంకా కిందికి వెళ్తే పొలాలైపోతాయి, చేపల చెరువులైపోతాయి, ఆ తర్వాత మడ అడవి మొదలవుతుంది. సొర్లగొంది, నాచుగుంట, ఏలిచెట్లదిబ్బ... ఈ పేర్లన్నీ ఆ అడవివే. 1989లో దీన్ని కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 194.81 చదరపు కిలోమీటర్లు. కొంత ఇటు కృష్ణా జిల్లాలో, కొంత ఏటికి అవతల ఒకప్పటి గుంటూరు జిల్లా వైపున ఉంది.

ముందే ఒక మాట. ఏనుగుల్ని చూడాలనుకుని అక్కడికి వెళ్తే నిరాశ తప్పదు. నైలు దూకినట్టు మన కృష్ణ దూకదు. మహాబలేశ్వరం నుంచి 1,400 కిలోమీటర్లు నడిచి అలిసిపోయినట్టు, చీలికలు పేలికలై, బురదలో పాకుతూ సముద్రంలో కలుస్తుంది. అడవి కూడా అంతే. ఆకాశాన్నంటే చెట్లుండవు. తలెత్తి చూసే అడవి కాదు, వంగి చూడవలసిన అడవి. ఏం చూడాలో తెలిసి వెళ్తే మాత్రం పిల్లలు ఇంటికి రామంటారు.

తల్లి ఒడిలోనే మొలకెత్తే చెట్టు

మొదట నేలని చూడండి. బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేలకొద్దీ పుల్లలు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. అవి పుల్లలు కాదు, మడచెట్ల వేళ్ళు. ఉప్పుబురదలో గాలి ఆడదు గనక, ఊపిరి తీసుకోడానికి వేళ్ళే పైకొస్తాయి. తెల్లమడ ఆకుని కాస్త నాలిక్కి తగిలించి చూడమనండి. ఉప్పగా ఉంటుంది. పీల్చుకున్న ఉప్పుని ఆ చెట్టు ఆకుల మీదికి చెమటలా వదిలేస్తుంది.

ఉప్పుపొన్న చెట్టు ఇంకా వింత. దాని గింజ నేలమీద పడి మొలవదు. కొమ్మకి ఉండగానే మొలకెత్తుతుంది. మునక్కాడలా పొడుగ్గా పెరిగి, బతకగలదన్న బలం వచ్చాక తల్లిని విడిచి కిందికి జారుతుంది. ఆటు సమయమైతే అక్కడే బురదలో నాటుకుంటుంది. పోటు సమయమైతే నీళ్ళమీద తేలి ఇంకో చోటు వెతుక్కుంటుంది. పిల్లని చదివించి, నిలదొక్కుకున్నాక పంపించే తల్లుల్లాంటిదన్నమాట.

ఒక్క చెట్టు దగ్గర జాగ్రత్త. తిల్ల చెట్టు ఆకు తుంచితే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలకి ఏ చెట్టు ఏదో తెలియదు గనక, తెలిసినవాళ్ళు చూపిస్తే తప్ప ఏ ఆకూ తుంచవద్దని ముందే చెప్పండి.

బురదలో ఒక డెక్క పెద్దగా, ఒకటి చిన్నగా ఉండే పీతలుంటాయి. పెద్ద డెక్క ఊపుతూ రమ్మని పిలుస్తున్నట్టే ఉంటాయి. నీళ్ళు తీసినా చావకుండా బురదమీద గెంతే చేపలు, లకుముకి పిట్టలు, రకరకాల కొంగలు, అదృష్టముంటే గుంపుగా ఈదే నీటికుక్కలు కనపడతాయి.

కనపడని పిల్లి

ఈ అడవికి అసలు యజమాని మాత్రం మీకు కనపడదు. అదే బావురుపిల్లి. ఇంట్లో పిల్లికి రెండింతలుంటుంది. బూడిదరంగు ఒంటిమీద నల్ల చుక్కలు వరసగా ఉంటాయి. తోక పొట్టి. పిల్లికి నీళ్ళంటే భయమని మనమనుకుంటాం కదా. ఇది నీళ్ళలోకి దూకి చేపని పట్టుకొస్తుంది. వేళ్ళ మధ్య బాతుకి ఉన్నట్టు కొంచెం పొర ఉంటుంది. పైబొచ్చు కింద ఇంకో ఒత్తయిన బొచ్చు ఉండి, నీళ్ళు ఒంటికి తగలనివ్వదు. రాత్రిపూట తిరిగే జంతువు. అందుకే అటవీశాఖ వాళ్ళూ, పరిశోధకులూ తనంతట తానే ఫొటో తీసే కెమెరాలు చెట్లకి కట్టి దీని ఉనికి తెలుసుకుంటున్నారు. మనకి కనపడేది దాని అడుగుజాడలు మాత్రమే. పొద్దున్నే తడి బురదమీద గుండ్రటి పాదాల గుర్తులు కనపడితే, రాత్రి అది అక్కడికి వచ్చి వెళ్ళిందని లెక్క.

చుక్కలు చూసి చిరుతపులి పిల్ల అనుకుని జనం బెదిరిపోవడం కద్దు. చెరువులో చేపలు పోతున్నాయని కోపగించేవాళ్ళూ ఉన్నారు. దాని తిండి చేపలూ పీతలే గానీ మనుషుల జోలికి రాదు. దాన్ని చంపినా, పట్టినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలు శిక్ష ఉంది. పులికి ఎంత రక్షణో దీనికీ అంతే.

ఇంకో అతిథి సముద్రంలోంచి వస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డుకొచ్చి, ఇసకలో గొయ్యి తవ్వి, వందకి పైగా గుడ్లు పెట్టి, కప్పెట్టి వెళ్ళిపోతాయి. ఆడ తాబేలు ఎన్ని సముద్రాలు తిరిగినా గుడ్లు పెట్టేది తను పుట్టిన తీరం వైపుకే వచ్చి. పురిటికి పుట్టింటికి రావడం మన ఆచారం ఒక్కటే కాదన్నమాట! పాపం, ఆ తల్లి మాత్రం పిల్లల మొహం చూడదు. నెలన్నర దాటాక ఇసక వేడికి గుడ్లు పగిలి, పిల్లలు వాటంతటవే నీళ్ళ వైపు పరిగెడతాయి. నక్కలూ కుక్కలూ తవ్వెయ్యకుండా అటవీశాఖ వాళ్ళు గుడ్లు ఏరి, కంచెలు కట్టి పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదులుతుంటారు.

ఎందుకు చూడాలి?

"బురదలో చెట్లు చూడ్డానికి ఇంత ప్రయాణమెందుకండీ?" అని ఎవరైనా అడగొచ్చు. దానికి జవాబు దివిసీమ పెద్దవాళ్ళనడిగితే తెలుస్తుంది.

బేకర్ దంపతులు నైలు ఒడ్డున జలపాతం చూసిన 1864లోనే, నవంబరులో బందరుని ఉప్పెన ముంచేసింది. 30 వేల మంది దాకా పోయారని అంచనా. మళ్ళీ 1977 నవంబరు 19, కార్తీక మాసం, శనివారం. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం దివిసీమ మీదికి వచ్చింది. లెక్కకి వచ్చినవాళ్ళే పదివేల మంది. సొర్లగొంది లాంటి పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. ఒక్కో ఇంట్లో దీపం పెట్టే మనిషి కూడా మిగల్లేదు. ఇప్పటికీ అక్కడ చాలా ఇళ్ళలో ఆ రోజునే తద్దినాలు.

అంత ఉప్పెనని ఏ చెట్టూ పూర్తిగా ఆపలేదు. కానీ అల జోరుని తగ్గించగలదు. 1999లో ఒడిశాని మహా తుపాను కొట్టాక, కేంద్రపడా జిల్లా పల్లెల్లో పరిశోధకులు లెక్కలు తీశారు. ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్నచోట చనిపోయినవాళ్ళ సంఖ్య తక్కువని తేలింది. గడప దగ్గర గట్టి తలుపులాంటిది మడ. దొంగ రాకుండా చెయ్యలేకపోవచ్చు, నిద్రలేచి పారిపోయే వ్యవధి ఇస్తుంది.

ఆ తలుపుని మనమే కొంచెం కొంచెంగా ఊడదీసుకున్నాం. ఒకప్పుడు వంటచెరకుకీ, ఇంటి వాసాలకీ మడ కొట్టేవారు. ఇప్పుడు గ్యాసు వచ్చి ఆ బాధ తగ్గింది. 1990ల నుంచి రొయ్యల చెరువులు వచ్చాయి. తీరంలో ఇష్టారాజ్యంగా రొయ్యల చెరువులు తవ్వడాన్ని 1996లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. అంతకు ముందు పోయిన మడ పోయినట్టే. ఎగువన ఆనకట్టలు పెరిగాక కృష్ణలో కిందికి దిగే మంచినీళ్ళూ, ఒండ్రుమట్టీ కూడా తగ్గాయి. మడచెట్టుకి ఉప్పునీరు ఒక్కటే చాలదు, కాస్త మంచినీరూ తగలాలి.

ఇంకో సంగతి మన వంటింటిది. సముద్రంలో పట్టి బజారుకి తెచ్చే రొయ్య, పీత, పండుగప్ప చాలామటుకు పిల్లప్పుడు పెరిగేది ఈ మడ వేళ్ళ మధ్యనే. మడ పోతే మన ఇగురూ, వేపుడూ ఎక్కణ్ణించి వస్తాయి?

పోతే తిరిగి తెచ్చుకోవచ్చులే అనుకుంటారేమో. ఉగాండానే చూడండి. 1970ల్లో ఈదీ అమీన్ రోజుల్లోనూ, తర్వాత జరిగిన యుద్ధాల్లోనూ తుపాకులు పట్టినవాళ్ళు మర్చిసన్ ఏనుగుల్ని వేలకొద్దీ చంపేశారు. ఖడ్గమృగాలైతే 1980ల మొదటికల్లా దేశంలో ఒక్కటీ మిగల్లేదు. 2005 నుంచి బయట దేశాల నుంచి కొన్నిటిని తెచ్చి, కంచె వేసి, కాపలా పెట్టి పెంచుకోవలసి వచ్చింది. బావురుపిల్లి విషయంలో మనకి ఆ గతి పట్టకూడదు.

ఎలా వెళ్ళాలి?

గుడివాడ వాళ్ళు పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా, బందరు వాళ్ళు నేరుగా చల్లపల్లి మీదుగా మోపిదేవి, పులిగడ్డ దాటి అవనిగడ్డ చేరొచ్చు. బస్సులున్నాయి. అవనిగడ్డ నుంచి రెండు దారులు. ఒకటి కోడూరు మీదుగా హంసలదీవి, పాలకాయతిప్ప. వేణుగోపాలస్వామి గుడి, సముద్రం, సాగర సంగమం అటువైపు. రెండోది నాగాయలంక. అక్కణ్ణించి ఏటిమొగ వెళ్ళి పంటు ఎక్కితే ఎదురుమొండి దీవి. ఈ ప్రాంతాల్లో వ్యాను గానీ, ఆటో గానీ మాట్లాడుకుంటేనే సుఖం. నలుగురైదుగురు కలిసి వెళ్తే ఖర్చూ తగ్గుతుంది, తోడూ ఉంటుంది.

అభయారణ్యంలోకి మనిష్టమొచ్చినట్టు వెళ్ళకూడదు. ముందుగా అటవీశాఖ వాళ్ళని అడిగి, అనుమతి తీసుకుని, వాళ్ళు చెప్పిన మనిషిని వెంటబెట్టుకునే వెళ్ళండి. ఆటుపోట్ల వేళలు కూడా వాళ్ళనే అడగండి. ఆటు సమయంలో వేళ్ళూ, పీతలూ బాగా కనపడతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మాఘ పౌర్ణమికి హంసలదీవిలో స్నానాలకి జనం విరగబడతారు. పుణ్యం కావాలంటే ఆ రోజు, పక్షులు కావాలంటే వేరే రోజు! సంగమం దగ్గర సుళ్ళుంటాయి. పిల్లల్ని మోకాలు లోతు దాటనివ్వకండి.

మూట కట్టుకోవలసినవి

మంచినీళ్ళు మనిషికి రెండు లీటర్లకి తక్కువ కాకుండా స్టీలు క్యానులో తీసుకెళ్ళండి. అక్కడ చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క ఉండదు. చింతపండు పులిహోర సాయంత్రం దాకా చెడదు. దద్దోజనానికి మాత్రం ఒక చిట్కా. అన్నం మెత్తగా వండి, చల్లారాక కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా, పెరుగు రెండు చెంచాలు మాత్రమే వేసి కలపండి. మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది, పులవదు. ఉప్పు తినేముందు కలుపుకోవచ్చు. తీపికి బందరు తొక్కుడు లడ్డు ఉండనే ఉంది.

నూలు చీర గానీ, పంజాబీ డ్రెస్సు గానీ మంచిది. జారిపోయే చెప్పులు బురదలో దిగబడిపోతాయి. వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. పిల్లలకి ఇంకో జత బట్టలు తప్పనిసరి. బట్టలకి బురద అంటితే తడిమీద రుద్దకండి. ఆరనిచ్చి, దులిపి, ముందు ఉత్త చన్నీళ్ళలో జాడించి అప్పుడు సబ్బు పెట్టండి, మరక ఉండదు. బాత్‌రూము అవసరాలు అవనిగడ్డలోనో మోపిదేవిలోనో తీర్చుకుని బయల్దేరండి. ఆ తర్వాత సదుపాయాలు తక్కువ.

ప్లాస్టిక్ సంచులు, చిప్స్ కాగితాలు తీసుకెళ్ళారంటే మళ్ళీ వెనక్కి తేవలసిందే. నీళ్ళలో తేలే సంచిని తాబేలు తిండి అనుకుని మింగి చస్తుంది. రాత్రిళ్ళు ఒడ్డున ఉంటే టార్చిలైట్లు వెయ్యకండి. ఆ వెలుతురుకి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్ళిపోతుంది.

చెరువులున్న ఇళ్ళ ఆడవాళ్ళకి ఒక మనవి. రాత్రి చెరువు గట్టుమీద చుక్కల పిల్లి కనపడిందని మీవాళ్ళు కర్రలు తీస్తే, మీరే అడ్డుపడండి. అటవీశాఖకి కబురు చెయ్యమనండి. ఇంట్లో మన మాట దేనికి చెల్లినా చెల్లకపోయినా, ఒక ప్రాణం దగ్గర చెల్లి తీరాలి.

గుడివాడ సోదరికి చివరగా ఒక సలహా. వెళ్ళొచ్చాక మీ పిల్లల చేత కంపాలాలో ఉన్న పిల్లలకి ఒక ఉత్తరం రాయించండి. నీళ్ళమీద తేలుతూ చోటు వెతుక్కునే మొలక గురించి, పుట్టింటికొచ్చే తాబేలు గురించి, జాడ మాత్రమే మిగిల్చి వెళ్ళిన పిల్లి గురించి రాయమనండి. ఈసారి సెలవులకి వాళ్ళే ఇటు వస్తామంటారేమో!